ఆదరణకు నోచుకోని అమెరికన్ కార్ల స్కేల్ మోడళ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదరణకు నోచుకోని కార్లు అని వేటిని అంటారు?

ఎంతో ప్రచారంతో మార్కెట్లోకి వచ్చి, కొన్నవారి చేత తిట్లు, కొననివారి చేత ఎగతాళి మూటగట్టుకున్న కార్లను ఈ వరుసలో చెబుతారు. ఫోర్డ్ సంస్థ 1957 సెప్టెంబరులో ఆవిష్కరించి 1959 నవంబరులోనే ఆపేసిన ఎడ్సెల్, వెనుక భాగంలో గాలితో చల్లబడే ఇంజిన్‌తో 1960 నుంచి 1969 మోడల్ వరకు వచ్చిన షెవ్రొలే కోర్వేర్, 1970లో కొద్ది నెలల తేడాతో విడుదలైన ఏఎంసీ (అమెరికన్ మోటార్స్ సంస్థ) గ్రెమ్లిన్, షెవ్రొలే వేగా, ఫోర్డ్ పింటో, ఆ తరువాత 1975లో వచ్చిన ఏఎంసీ పేసర్ ఈ జాబితాలో తప్పక ఉంటాయి. వీటిలో కొన్ని లక్షల సంఖ్యలో అమ్ముడుపోయాయి కాబట్టి ఆదరణ లేకపోవడం అంటే అమ్మకాలు లేకపోవడమని అనుకోకూడదు. అవి పాతబడిన తరువాత భద్రంగా దాచుకున్నవారు, ప్రేమగా తలచుకున్నవారు తక్కువ అన్నదే ఇక్కడి అసలు అర్థం.

మస్టాంగ్, కమారో వంటి అందమైన కార్లు ఉండగా వీటి మోడళ్లనే ఎందుకు కట్టాలి?

ఈ కార్లలో లోపంగా కనిపించే ప్రతి అంశం వెనుకా ఎవరో తీసుకున్న ఒక నిర్ణయం ఉంటుంది. మోడల్ కడుతున్నప్పుడు ఆ నిర్ణయం చేతికి తగులుతుంది. గ్రెమ్లిన్ వెనుక భాగం కత్తితో కోసినట్టు ఎందుకుందో పుస్తకంలో చదివితే ఒక సమాచారం మాత్రమే. ఏఎంసీ వారి హార్నెట్ కారు ముందు, వెనుక చక్రాల మధ్య దూరం 108 అంగుళాలు కాగా, అదే కారును కుదించి చేసిన గ్రెమ్లిన్‌లో ఆ దూరం 96 అంగుళాలు. ముందు భాగం మొత్తం పెద్ద కారుదిగానే ఉండిపోయి, కుదింపంతా తలుపుల వెనుకే జరిగిందన్న సంగతి బాడీని చేతిలో పట్టుకుని పక్క నుంచి చూసినప్పుడు తేటతెల్లమవుతుంది. కొత్త కారును మొదటి నుంచి తయారు చేసే స్తోమత లేని ఒక చిన్న సంస్థ, ఉన్న అచ్చులతోనే విదేశీ చిన్న కార్లకు పోటీ ఇవ్వడానికి వేసిన ఎత్తు అది. ఇద్దరు మాత్రమే కూర్చునే, వెనుక అద్దం తెరుచుకోని ప్రాథమిక గ్రెమ్లిన్ ధర 1,879 డాలర్లు. ఆ ధరను అందుకోవడానికి ఏమేమి వదులుకున్నారో మోడల్ కట్టేవాడికి ఒక్కొక్కటిగా తెలుస్తుంది.

గెలిచిన కార్ల మోడళ్లు ఏ ప్రదర్శనలోనైనా వరుసలు కట్టి ఉంటాయి. మామూలు ఉద్యోగి కొనుక్కుని, పిల్లల్ని బడిలో దింపి, చివరికి తుక్కు కింద అమ్మేసిన కారును ఉన్నదున్నట్టుగా కట్టి నిలబెట్టేవారు అరుదు. నా దృష్టిలో ఆ పని విలువ ఎక్కువ.

ఇటువంటి కార్లకు అసలు కిట్లు ఎలా వచ్చాయి?

అమెరికన్ కార్ల కిట్ల చరిత్ర డీలర్ల బల్లల మీద మొదలైంది. కొత్త మోడల్ విడుదలైన ప్రతి ఏడూ కార్ల కంపెనీలు తమ డీలర్లకు చిన్న ప్లాస్టిక్ నమూనాలు ఇచ్చేవి. వీటిని ప్రోమోలు అంటారు. 1948లో మొదలైన ఏఎంటీ, డెట్రాయిట్‌కు చెందిన జో-హాన్, 1960లలో వచ్చిన ఎంపీసీ వంటి సంస్థలు ఈ నమూనాలను తయారు చేసేవి. అదే అచ్చుతో విడి భాగాలుగా పోసి పెట్టెలో పెడితే కిట్ అవుతుంది కనుక, 1958 నుంచి ఏఎంటీ ఏటేటా కొత్త కార్ల కిట్లను అమ్మడం మొదలుపెట్టింది. ఆ మొదటి ఏడాది కార్లలో ఎడ్సెల్ కూడా ఉంది.

కారు గెలుస్తుందా ఓడుతుందా అన్నది తెలియకముందే అచ్చు తయారైపోయేది. ఓడిన కార్లకు కూడా మంచి కిట్లు మిగలడానికి ఇదే కారణం. అయితే మరో ఏడాదికి అదే ఉక్కు అచ్చును మార్చి కొత్త బంపరు, కొత్త గ్రిల్ చెక్కేవారు. ఒకసారి అలా చెక్కిన తరువాత పాత ఏడాది రూపం ఆ అచ్చులో శాశ్వతంగా పోయినట్టే. అందుకే ఒకే కారుకు కొన్ని ఏళ్ల కిట్లు సులువుగా దొరుకుతాయి, మరికొన్ని ఏళ్లవి పాత పెట్టెలలో తప్ప కనిపించవు.

ఏఎంటీ కర్మాగారం మిషిగన్ రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణంలో ఉండేది. ఆ ట్రాయ్‌లోనూ, చుట్టుపక్కల డెట్రాయిట్ శివార్లలోనూ నేడు కార్ల పరిశ్రమను నమ్ముకున్న తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అక్కడి పాఠకులకు ఈ చరిత్ర తమ ఊరి చరిత్రే.

ఏ కిట్‌తో మొదలుపెట్టడం మంచిది?

ఏఎంటీ వారి 1969 కోర్వేర్, 1977 పేసర్ వాగన్, 1977 పింటో, ఎంపీసీ వారి 1974 వేగా ఇవన్నీ మళ్లీ ముద్రణ పొందినవే, అంటే మళ్లీ పోసి విడుదల చేసినవే. ఏఎంటీ, ఎంపీసీ పేర్లు రెండూ ఇప్పుడు ఇండియానా రాష్ట్రంలోని సౌత్ బెండ్‌కు చెందిన రౌండ్ 2 సంస్థ చేతిలో ఉన్నాయి. తొలిసారి కట్టేవారికి పేసర్ వాగన్‌నే సూచిస్తాను. బాడీ గుండ్రంగా, విశాలంగా ఉండడం వల్ల రంగు సమానంగా పడుతుంది, పూర్తయ్యాక దానిని మరే కారుగానూ ఎవరూ పొరబడరు.

పాత పెట్టె కొనాలా, కొత్తగా ముద్రించినది కొనాలా?

కట్టడానికైతే కొత్తదే కొనండి. పాత పెట్టెలో రెండు ప్రమాదాలు ఉంటాయి. మొదటిది టైర్లు. అప్పటి మెత్తని వినైల్ టైర్లలోని రసాయనం ఏళ్ల తరబడి ఆనుకుని ఉన్న ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. క్రోమ్ చక్రానికో, అద్దానికో టైరు అతుక్కుని ఉంటే ఆ భాగం పోయినట్టే లెక్క. ఏ కిట్ కొన్నా ఇంటికి తేగానే టైర్లను విడి సంచిలో వేసి ఉంచడం అలవాటు చేసుకోవాలి. రెండవది 1950లనాటి ప్రోమోలకు సంబంధించినది. వాటిలో వాడిన అసిటేట్ ప్లాస్టిక్ కాలక్రమంలో ముడుచుకుని వంకరపోతుంది. 1958 ఎడ్సెల్ ప్రోమో నడుము వంగి కనిపిస్తే దానిని వేడి నీటితో సరిచేయాలని చూడకండి. అది నిలవదు.

1/25, 1/24 కొలతల మధ్య తేడా పట్టించుకోవాలా?

1/25 అంటే అసలు కారులో 25వ వంతు, 1/24 అంటే 24వ వంతు. ఒక్క కారే కడితే ఈ తేడా పట్టించుకోనక్కర లేదు. రెండింటిని పక్కపక్కన నిలబెట్టాలనుకుంటే మాత్రం ఒకే కొలతకు కట్టుబడి ఉండడం మంచిది. ఏఎంటీ, ఎంపీసీ, జో-హాన్ కిట్లు ఎక్కువగా 1/25 కొలతలోవి, మోనోగ్రామ్ అనే మరో సంస్థ కిట్లు ఎక్కువగా 1/24 కొలతలోవి. చక్రాల మధ్య 100 అంగుళాలు ఉన్న అసలు పేసర్ 1/25లో దాదాపు 101.6 మిల్లీమీటర్లు, 1/24లో దాదాపు 105.8 మిల్లీమీటర్లు అవుతుంది. నాలుగు మిల్లీమీటర్ల ఆ తేడా బీరువాలో దూరం నుంచి కూడా కంటికి తెలుస్తుంది.

పెట్టె మీద రాసిన ఏడాదిని నమ్మవచ్చా?

నమ్మి ఊరుకోకుండా బంపర్లు చూడండి. తక్కువ వేగంలో గుద్దుకున్నప్పుడు నష్టం జరగకూడదన్న అమెరికా ప్రభుత్వ నిబంధన 1973 మోడళ్ల ముందు బంపర్లకు గట్టిగా, వెనుక బంపర్లకు కొంత సడలింపుతో వర్తించింది; 1974 నుంచి వెనుక కూడా అంతే గట్టిదైంది. దానితో ఆ దశాబ్దపు కార్లన్నీ ముందుకూ వెనక్కూ సాగాయి. 1971 పింటో సన్నని బంపరుకూ, 1974 తరువాతి మొద్దు బంపరుకూ పోలికే లేదు. వేగా ముఖం కూడా 1974లో వాలుగా మారింది. అందువల్ల 1972 కారు కట్టాలనుకుని 1974 ముఖం ఉన్న కిట్ కొంటే, ముందు భాగమంతా తిరిగి చెక్కవలసి వస్తుంది. ముద్రణ మారినప్పుడు పెట్టె బొమ్మ మారుతుంది గానీ లోపలి అచ్చు చాలాసార్లు అదే ఉంటుంది. కొనేముందు విడి భాగాల ఫొటో అడిగి చూడడం ఎంతో మేలు.

కిట్‌లో రేసు భాగాలు కూడా ఉన్నాయి. కారును మామూలుగా కట్టాలా, రేసు కారుగా కట్టాలా?

మామూలుగానే కట్టండి. ఒకే పెట్టెలో కంపెనీ నుంచి వచ్చిన రూపం, అలంకరించిన రూపం, పోటీ రూపం మూడూ కట్టుకునేలా భాగాలు ఇవ్వడం ఏఎంటీ తొలి నుంచి పాటించిన పద్ధతి. పిల్లలు సహజంగానే వెడల్పాటి వెనుక టైర్లు, బానెట్‌లోంచి పైకి పొడుచుకొచ్చిన ఇంజిన్ ఎంచుకునేవారు. ఆ కారణంగా మామూలు చక్రాలతో, మామూలు సీట్లతో ఉన్న వేగా లేదా పింటో మోడల్ ఈనాటికీ అరుదు.

ఈ దారిలో ఎదురయ్యే చిక్కు చక్రాలది. వేగా, పింటో కార్లకు 13 అంగుళాల చిన్న చక్రాలు, సన్నటి టైర్లు ఉండేవి. 13 అంగుళాలను 1/25కు కుదిస్తే 13.2 మిల్లీమీటర్లు వస్తుంది. కిట్‌లోని రిమ్ అంతకంటే పెద్దదైతే కారు నిలబడే తీరే మారిపోతుంది. వేరే కిట్‌లోంచి చక్రాలు తెచ్చుకునేటప్పుడు ఈ ఒక్క కొలత చూసుకుంటే చాలు.

పేసర్ కట్టేటప్పుడు ప్రత్యేకంగా ఏం గమనించాలి?

తలుపులు, అద్దాలు, ఇంజిన్ ఈ మూడింటినీ గమనించాలి. ఈ కారును రూపొందించిన రిచర్డ్ టీగ్ బృందం, వెనుక సీటులోకి కాలిబాట వైపు నుంచి ఎక్కడం సులువుగా ఉండాలని కుడివైపు తలుపును ఎడమవైపు తలుపు కంటే సుమారు 4 అంగుళాలు పొడవుగా చేసింది. 1/25 కొలతలో అది 4 మిల్లీమీటర్లు. రెండు తలుపుల గీతలనూ స్కేలుతో కొలిచి, ఆ తేడా ఉందో లేదో చూడండి. రంగు వేయకముందే తలుపు గీతలను కొద్దిగా లోతు చేయండి, లేకపోతే రంగు పొరలు పడ్డాక ఆ తేడా కనిపించకుండా పూడిపోతుంది. గీత లోతు చేయడానికి కత్తి మొనకు బదులు దాని వెన్నును వాడితే పక్కకు జారదు.

ఈ కారు పైభాగమంతా అద్దమే కాబట్టి లోపలి పని మొత్తం బయటికి కనిపిస్తుంది. పారదర్శక భాగాలను ఫెవిక్విక్ వంటి జిగురుతో అతికించవద్దు. దాని ఆవిరి అద్దం మీద తెల్లని పొగలా పేరుకుంటుంది. ఎండాక పారదర్శకంగా మారే తెల్ల జిగురు చాలు.

ఇంజిన్ కథ ఈ కారు విధినే చెబుతుంది. జనరల్ మోటార్స్ తయారు చేస్తానన్న చిన్న రోటరీ ఇంజిన్‌ను నమ్ముకుని పేసర్ ముందు భాగాన్ని పొట్టిగా గీశారు. జనరల్ మోటార్స్ ఆ ఇంజిన్‌ను విరమించుకోవడంతో ఏఎంసీ తన పాత, బరువైన, ఆరు సిలిండర్ల పొడుగాటి ఇంజిన్‌నే అందులో ఇరికించవలసి వచ్చింది. అందువల్ల ఇంజిన్ వెనుక కొస ముందు అద్దం అడుగు కిందికి దూరిపోయి ఉంటుంది. బానెట్ తెరిచి చూపించేలా కట్టేవారు వైర్లు, గొట్టాలు అమర్చేటప్పుడు ఆ ఇరుకును సరిచేయకుండా అలాగే ఉంచాలి.

లోపలి భాగానికి అంత శ్రమ అవసరమా?

పేసర్, గ్రెమ్లిన్ విషయంలో తప్పక అవసరం. ఏఎంసీ 1973లో లెవీస్ పేరుతో జీన్స్ గుడ్డలా కనిపించే సీట్లను గ్రెమ్లిన్‌లో ఇచ్చింది, పేసర్‌కు కూడా 1977లో ఆ సదుపాయం వచ్చింది. అసలు డెనిమ్ అగ్ని భద్రతా నిబంధనలకు నిలవదు కనుక నైలాన్‌ను అలా నేయించారు. నారింజ రంగు కుట్లు, రాగి గుండీలు కూడా పెట్టారు. మోడల్‌లో ముందు ముదురు నీలం మ్యాట్ రంగు వేసి, అది ఎండాక దాదాపు పొడిగా ఉన్న కుంచెతో లేత నీలం తాకించండి. అరిగిన జీన్స్ మెరుపు వస్తుంది. గుండీకి ఒక సూది మొనంత రాగి రంగు చుక్క చాలు. కుట్లను గీయాలని ప్రయత్నించకపోవడమే మంచిది, ఎంత సన్నని గీతైనా ఈ కొలతలో తాడులా కనిపిస్తుంది. నేల మీద కార్పెట్‌కు తెల్ల జిగురు పూసి, రంగు పొడిని జల్లి, మిగిలినది దులిపేస్తే సరిపోతుంది.

మన వాతావరణంలో రంగు వేయడం ఎలా?

ముందుగా బాడీని గిన్నెలు తోమే ద్రవంతో, గోరువెచ్చని నీటితో కడిగి ఆరబెట్టాలి. అచ్చు నుంచి సులువుగా ఊడిరావడానికి వాడిన జిడ్డు పోకపోతే ఏ రంగూ నిలవదు. తరువాత అచ్చు అతుకు గీతలను 400 నంబరు వాటర్ పేపర్‌తో తడి చేసి రుద్ది, ప్రైమరు కొట్టాలి. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎన్‌సీ థిన్నర్‌ను, కార్లకు వాడే డ్యూకో రంగును నేరుగా ప్లాస్టిక్ మీద వాడవద్దు. ఆ ఘాటుకు కిట్‌లోని పాలిస్టైరిన్ ప్లాస్టిక్ కరిగి, ఉపరితలం చెట్టు బెరడులా పగుళ్లు తేలుతుంది. మోడళ్ల కోసం చేసిన ప్రైమరు రెండు పొరలు వేసి పూర్తిగా ఆరనిచ్చాకే ఇతర రంగుల గురించి ఆలోచించాలి.

విశాఖలోనో కాకినాడలోనో వానాకాలంలో లాకర్ రంగు కొడితే గాలిలోని తేమ పొరలో చిక్కుకుని తెల్లగా మబ్బు పట్టినట్టవుతుంది. పొడి వాతావరణం ఉన్న రోజు మధ్యాహ్నం వరకు ఆగడమే దీనికి తేలికైన మందు. ఎయిర్‌బ్రష్ ఉన్నవారు నెమ్మదిగా ఆరే థిన్నరు కలిపినా ఫలితం ఉంటుంది. గాలి ఆడే చోట, ఆవిరిని ఆపగల మాస్కు పెట్టుకుని పని చేయండి. రెండు ద్రవాలు కలిపి వాడే కార్ల క్లియర్ కోటును ఇంట్లో వాడవద్దని గట్టిగా చెబుతాను, అందులోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు నిజంగా హాని చేస్తాయి.

రంగు ఎంపికలో మెరుపు రంగుల జోలికి త్వరపడి పోకండి. 1970ల చవక కార్లు ఆవ పసుపు, మట్టి గోధుమ, అవకాడో పచ్చ వంటి మెరుపు లేని రంగుల్లో ఎన్నో అమ్ముడుపోయాయి. అవి ఈ కార్ల మీద నప్పినంతగా మరే కార్ల మీదా నప్పవు.

కిటికీల చుట్టూ సన్నటి క్రోమ్ పట్టీ ఎలా తేవాలి?

కుంచెతో రాదు. మోడళ్ల కోసం అమ్మే, వెనుక జిగురున్న అతి పలుచని లోహపు రేకు వాడాలి. పట్టీ కంటే కొంచెం వెడల్పుగా ముక్క కోసి, కిటికీ అంచు మీద పరచి, పన్ను పుల్ల మొనకు దూది చుట్టి అదమండి. పట్టీ అంచు రేకులోంచి గీతలా తేలుతుంది. అప్పుడు కొత్త బ్లేడుతో, చేతి బరువు ఏ మాత్రం వేయకుండా, ఆ గీత వెంట లాగి మిగిలిన రేకును ఒలిచేయాలి. పాత బ్లేడు రేకును కోయదు, చించుతుంది. మూల దగ్గర ఒకే ముక్కను వంచే బదులు రెండు ముక్కలను ఒకదాని మీద ఒకటి వేసి అదిమితే అతుకు కనిపించదు.

తుప్పు పట్టినట్టు చూపించాలంటే?

తుప్పును ఎక్కడపడితే అక్కడ చల్లితే అది అబద్ధమవుతుంది. వేగానే తీసుకోండి. ఆ కారు బాడీని తుప్పు నిరోధక ద్రవంలో ముంచినప్పుడు ముందు ఫెండర్ల పైభాగంలో గాలి చిక్కుకుపోయి, ద్రవం అక్కడికి చేరలేదు. చక్రం లోపలి వైపు రక్షణ తొడుగు ఖర్చు తగ్గించడం కోసం మొదట పెట్టలేదు, తరువాత 1974లో చేర్చారు. కాబట్టి తొలి వేగాలకు తుప్పు ఫెండరు పై అంచున, ముందు అద్దానికి దగ్గరగా లోపలి నుంచి మొదలై బయటికి వస్తుంది. అక్కడ మాత్రమే ముందుగా గోధుమ రంగు వేసి, హెయిర్ స్ప్రే కొట్టి, దాని మీద కారు రంగు వేసి, తడి కుంచెతో నెమ్మదిగా రుద్దితే పై పొర పొట్టులా లేస్తుంది. ఉప్పు గింజలు జల్లి చేసే పద్ధతి కూడా ఉంది గానీ అది పెద్ద మచ్చలకే బాగుంటుంది.

పింటో అడుగు భాగంలో ఇంధన ట్యాంకు గురించి ఏం చేయాలి?

ఆ కారును మర్యాదగా కట్టడమంటే ఆ విషయాన్ని దాచకపోవడమే. ట్యాంకు వెనుక ఇరుసుకూ బంపరుకూ మధ్య ఉండేది. వెనుక నుంచి గుద్దుకున్న ప్రమాదాలలో మంటలు రేగి మనుషులు చనిపోయారు. 1978లో ఫోర్డ్ సుమారు 15 లక్షల పింటో, మెర్క్యురీ బాబ్‌క్యాట్ కార్లను వెనక్కి పిలిచి, ట్యాంకు ముందు ప్లాస్టిక్ కవచం, పొడవైన ఇంధన గొట్టం అమర్చింది. వెనక్కి పిలిచినవి 1976 మోడల్ వరకు వచ్చిన పింటోలు; వాటిని కంపెనీ నుంచి వచ్చిన రూపంలో కడితే కవచం ఉండకూడదు. మరమ్మతు జరిగిన కారుగా కడితే పలుచని ప్లాస్టిక్ షీటుతో కవచం చేసి పెట్టవచ్చు. మంటలు అంటుకున్నట్టు చూపించే మోడళ్లను నేను ప్రోత్సహించను.

నాకు కావలసిన కారుకు కిట్ లేకపోతే?

1980ల కుటుంబ కార్లకు కిట్లు బాగా తక్కువ. డాడ్జ్ ఆమ్నీ 024కు ఎంపీసీ కిట్ తీసింది గానీ అటువంటి అదృష్టం అన్నిటికీ పట్టలేదు. చిన్న తయారీదారులు రెజిన్‌తో పోసిన బాడీలు అమ్ముతుంటారు, ఈ మధ్య త్రీడీ ప్రింట్ చేసిన బాడీలు కూడా వస్తున్నాయి. వాటికి అడుగు భాగం, చక్రాలు దగ్గరి కొలత ఉన్న వేరే కిట్ నుంచి తెచ్చుకోవాలి. రెజిన్‌ను ఎప్పుడూ నీటితో తడిపే రుద్దండి, ఆ పొడి పీల్చకూడదు.

భారతదేశంలో ఉన్నవారు ఇవి ఎలా తెప్పించుకోవచ్చు?

ఇక్కడి హాబీ షాపుల్లో జపాన్, యూరప్ కిట్లు దొరికినంత సులువుగా ఈ కిట్లు దొరకవు. విదేశాల నుంచి నేరుగా తెప్పించుకుంటే రవాణా ఖర్చుకు తోడు కస్టమ్స్ సుంకం పడుతుందని లెక్క వేసుకోండి. అమెరికా నుంచి వచ్చే బంధువుల పెట్టెలో కిట్ సులభంగా వస్తుంది గానీ రంగుల డబ్బాలు, స్ప్రేలు, ప్లాస్టిక్ జిగురు మాత్రం పెట్టమని అడగకండి. అవి మండే పదార్థాలు కనుక విమానంలో అనుమతించరు. వాటిని ఇక్కడే కొనుక్కోవాలి. అట్టపెట్టె బ్యాగులో పట్టకపోతే దానిని విప్పి చదునుగా మడిచి, భాగాలను సంచుల్లో వేసి తెమ్మని చెప్పవచ్చు. పారదర్శక భాగాలను మాత్రం విడిగా మెత్తటి కాగితంలో చుట్టించండి.

ఆధారం కోసం ఏ ఫొటోలు చూడాలి?

పునరుద్ధరించిన కార్ల ఫొటోల కంటే ఆ ఏడాది డీలర్లు పంచిన బ్రోషర్లు నమ్మదగినవి. పునరుద్ధరణలో యజమానులు ఇష్టమైన చక్రాలు, మెరిసే రంగులు చేరుస్తారు. బ్రోషర్‌లో సీటు గుడ్డ నేత, డోర్ ప్యానెల్ రంగు, చక్రాల మూతల ఆకారం వరకు స్పష్టంగా ఉంటాయి. అమెరికాలో ఉన్నవారు మిషిగన్‌లోని గిల్మోర్ కార్ మ్యూజియానికి గానీ, ఒకప్పుడు ఏఎంసీ కర్మాగారం ఉండిన విస్కాన్సిన్‌లోని కెనోషా పట్టణ చరిత్ర కేంద్రానికి గానీ వెళ్లగలిగితే అక్కడి కార్లను చక్రాల ఎత్తు నుంచి ఫొటో తీసుకోండి. నిలబడి తీసిన ఫొటోలో కారు నేలకు ఎంత ఎత్తున ఉందో తెలియదు. మోడల్‌లో ముందుగా తప్పేది ఆ ఎత్తే.